లారీ స్టాండులో ఇచ్చిన వాంగ్మూలం

సైన్యంలో నేను చేసింది పోలీసు పని. ఈ మాట చెప్పగానే మీ వయసు వాళ్ళ ముఖాలు కాస్త వాడిపోతాయి. మా గుంటూరు వైపు పల్లెల్లో పొద్దున్నే రోడ్డెక్కి పరుగు ప్రాక్టీసు చేసే కుర్రవాళ్ళు చాలామంది నా గురించి విని, తుపాకీ పట్టుకుని శిఖరాలెక్కిన వాణ్ణనుకుని ఇంటికి వస్తారు. నేనేమో రోడ్డు మీద నిలబడి చెయ్యెత్తినవాణ్ణి. "యుద్ధంలో ఎంతమందిని కాల్చారండీ?" అని అడుగుతారు. ఎవరినీ కాల్చలేదు నాయనా అంటే, "మరి ధైర్యానికి పతకం ఎలా ఇచ్చారు?" అంటారు. అది చెప్పాలంటే ఒక లారీ సంగతి చెప్పాలి. ఆ లారీ తోలినవాడి సంగతి చెప్పాలి.

మిలటరీ పోలీసంటే ఎర్ర టోపీ, చేతులకు తెల్లటి తొడుగులు, నడుముకు తెల్ల బెల్టు. శాంతి కాలంలో మా పని రైల్వే స్టేషన్లలో, బజార్లలో తిరిగి సైనికులు క్రమశిక్షణలో ఉన్నారో లేదో చూడటం. టోపీ లేకపోతే పట్టుకుంటాం, సెలవు దాటి ఒక్క పూట ఉన్నా పట్టుకుంటాం. కాబట్టి సైన్యంలో మమ్మల్ని ఇష్టపడేవాడు ఒక్కడూ ఉండడు. తెలుగు సిపాయిలైతే మాకు "మిరపకాయలు" అని పేరు పెట్టారు. టోపీ రంగు చూసి పెట్టారో, మా నోటి దురుసు చూసి పెట్టారో తెలియదు. మా అమ్మ జీవితమంతా పరాయి చేలల్లో మిరపకాయలు కోసింది. ఆమెకు ఆ పేరు తెగ నచ్చింది గానీ నా ఉద్యోగం మాత్రం నచ్చలేదు. "ఎండలో నుంచోటానికైతే ఇక్కడ చేలు లేవంట్రా? అంత దూరం పోవాలా?" అనేది.

మాకు ఒకే ఒక్క గొప్ప ఉంది. రోడ్డు మీద మేం చెయ్యెత్తితే కల్నల్ గారి జీపైనా ఆగాలి. రాకపోకల విషయంలో అక్కడ మా నోటిమాటే ఆర్డరు. రోడ్డు దిగితే మాత్రం నేను మామూలు నాయక్‌ని, ఎవరు కనబడినా నేనే సెల్యూట్ కొట్టాలి.

కొండల్లో యుద్ధం మొదలైనప్పుడు నన్ను పైకి పంపారు. శిఖరాల మీద పోరాడేవాళ్ళకు గుండ్లు, నీళ్ళు, కిరసనాయిలు పోవాలన్నా, గాయపడినవాళ్ళు కిందికి రావాలన్నా ఉన్నది ఒకటే రోడ్డు. అందులో ఒక ముక్క శత్రువు కంటికి నేరుగా కనబడుతుంది. ఒక పక్క నిట్టనిలువు కొండ, రెండో పక్క లోయ. లారీకి సరిపడా వెడల్పు, మలుపు దగ్గర ఇంకాస్త, అంతే. ఆ ముక్కకు కింద ఒక కాపలా, పైన ఒక కాపలా పెట్టాం. కింద నేనూ నాతో ఒక తమిళ లాన్స్‌నాయక్. పైన మా హవల్దార్, గఢ్వాల్ కొండల మనిషి, రిటైర్మెంటుకు దగ్గరపడినవాడు. కిందనుంచి లారీల వరస వదిలితే, అది మొత్తం పైకి చేరేదాకా పైనుంచి ఏ బండీ దిగకూడదు. వరసలో చివరి లారీకి ఆకుపచ్చ జెండా కట్టేవాళ్ళం. పచ్చజెండా లారీ పైకి చేరిందంటే రోడ్డు ఖాళీ అయినట్టు లెక్క. ఆ పచ్చజెండా వాడికి ఒక నియమం ఉంది. ముందు ఏ బండి ఆగినా వాడు దాని వెనకే ఆగాలి, దాన్ని దాటి పోకూడదు.

అంతకన్నా గట్టి నియమం ఇంకొకటి ఉంది. ఆ ముక్కలో ఎవరూ బండి ఆపకూడదు. ఆపితే గుండుకు గురి చూపించినట్టే. ఈ రెండు నియమాలు ఒకదానితో ఒకటి పొసగవని మాలో ఎవరికీ తట్టలేదు. నియమాలు రాసేవాళ్ళు బల్ల దగ్గర కూర్చుని ఒక్కొక్కటే రాస్తారు మరి.

ఇక ఆ డ్రైవర్. వాడిది చిలకలూరిపేట. సాయిబుల కుర్రాడు, మూడు తరాలుగా లారీ నడిపే కుటుంబం. వాడికి నేను తెలుగువాణ్ణని తెలిసిన విధం వింటే నవ్వుతారు. ఒకరోజు నా కాలికి రాయి గట్టిగా తగిలితే "ఓరి నీ దుంప తెగ" అన్నాను, ఆ రాయిని. పక్కనే ఆగి ఉన్న లారీలోంచి పెద్ద నవ్వు వినబడింది. దొరికిపోయాను. అప్పట్నుంచీ వచ్చినప్పుడల్లా కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏం మిరపకాయన్నా, మనవైపు వానలు పడ్డాయంటగా?" అనేవాడు. "అన్నా, పత్తి రేటెంతుందో తెలుసా?" అనేవాడు. నేను హిందీలో "చలో, చలో" అని చెయ్యి ఊపేవాణ్ణి. డ్యూటీలో ఊరి భాష మాట్లాడకూడదని మా హవల్దార్ నేర్పిన పద్ధతి. ఊరివాడని ఒకణ్ణి పలకరిస్తే రేపు వాడు టోపీ లేకుండా వస్తాడు, ఎల్లుండి వాడి స్నేహితుడు వస్తాడు అనేవాడు ఆయన. పద్ధతి మంచిదే. వాడు మాత్రం పలకరించడం మానలేదు.

ఒకరోజు పచ్చజెండా లారీ డ్రైవరు ఆ ముక్కలో బండి ఆపాడు. ముందు బండి టైరు కింద రాయి ఇరుక్కుందట, అది తీసేదాకా వెనక నిలబడ్డాడు. నియమం ప్రకారం వాడు చేసింది సరైన పనే. కానీ మా హవల్దార్ అది పట్టించుకోలేదు. గుండ్లు పడేచోట ఆగినందుకు అందరి ముందూ తిట్టి, బరువు నెత్తినపెట్టి నిలబెట్టాడు. ఆయన దుర్మార్గుడు కాదు. వాడు చచ్చిపోతాడేమోననే భయంతో చేసిన పని అది. ఆ మర్నాటి సంగతే నేను చెప్పబోతున్నది.

మామూలుగా బండ్లు చీకట్లోనే నడిచేవి. ఆ రోజు పైన గాయపడినవాళ్ళు ఎక్కువయ్యారు, ఫిరంగులకు గుండ్లు అయిపోవచ్చాయి. పట్టపగలే నడపమని ఆర్డరు వచ్చింది. నేను కిందనుంచి వరస వదిలాను. సగం బండ్లు వెళ్ళాయో లేదో గుండ్లు మొదలయ్యాయి. మా రెండు కాపలాల మధ్య టెలిఫోను తీగ తెగిపోయింది. కాసేపటికి దుమ్ము తేరింది. పైకి చూద్దును కదా, మలుపులో ఒక లారీ ఒంటరిగా ఆగి ఉంది, బానెట్ ఎత్తి. దాని వెనక ఉండాల్సిన పచ్చజెండా లారీ లేదు. అది ఆగిన లారీని ఎలాగో ఒరుసుకుంటూ దాటి వెళ్ళిపోయింది. దాన్ని తోలేది నిన్న శిక్ష పడినవాడే. ఆ శిక్ష ఇంకా మర్చిపోలేదు, అందుకే ఆగలేదు. పైన హవల్దార్‌కి పచ్చజెండా కనబడింది. రోడ్డు ఖాళీ అనుకుని అంబులెన్సులు వదిలాడు. అవి దిగుతూ ఉండటం నాకు కనబడుతోంది.

మా కింది కాపలా గేటు తమిళ తమ్ముడికి అప్పగించి పరుగెత్తాను. ఆ ఎత్తులో పరుగంటే మీరనుకునే పరుగు కాదు. నాలుగు అడుగులకే ఊపిరి అందదు, కాసేపు నడవాలి, మళ్ళీ పరుగెత్తాలి. గుండు వస్తున్న చప్పుడు వినబడితే కొండకు అతుక్కుని పడుకోవాలి. భయం వేసింది. చాలా భయం వేసింది. ధైర్యవంతులకు భయం ఉండదని ఎవరైనా చెబితే నమ్మకండి.

మలుపు చేరేసరికి మొదటి అంబులెన్సు లారీకి ఎదురుగా వచ్చి ఆగిపోయింది. దాని వెనక ఇంకొకటి, దాని వెనక మరొకటి. పచ్చజెండా లారీ దాటిన చోట అంచు గుండ్లకు విరిగి పడింది. పక్కనుంచి పోవడానికీ వెనక్కి పోవడానికీ దారి లేదు. లోపల మనుషులు మూలుగుతున్నారు. లారీ కింద నుంచి ఒకడు బయటికి పాకి వచ్చాడు. మావాడే, చిలకలూరిపేట కుర్రాడు.

"బండి వదిలెయ్‌రా, దీన్ని లోయలోకి తోసేద్దాం" అన్నాను, తెలుగులో.

ముఖమంతా నూనె మరకలు. "ఇప్పుడొచ్చిందా అన్నా తెలుగు?" అన్నాడు.

"కదలదా ఇది?"

"ఎట్టా కదులుద్ది? ఎనక చక్రాలకి పోయే షాఫ్టు ఇరిగిపోయింది. బ్రేకు మీద ఆపా, టైర్ల కింద రాళ్ళు పెట్టా."

"అయితే తొయ్యాల్సిందే."

"బండినా?" అన్నాడు. ఆ గొంతులో కంగారు గుండ్లు పడుతుంటే లేదు, ఈ మాటకి వచ్చింది. "సర్కారు బండన్నా ఇది. పోగొడితే నామీద కేసు. రేపు ఆ కేసు రాసేది కూడా మీ మిరపకాయలే."

"ఆ మిరపకాయనే చెబుతున్నా. రోడ్డు మీద నా మాటే ఆర్డరు. బాధ్యత నాది."

"నోటిమాటే గదన్నా. కాయితం ఉందా?"

నెత్తిన గుండ్లు పడుతుంటే నన్ను కాగితం అడిగాడు! ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, వెంటనే కళ్ళు నిండుతాయి. శత్రువు కన్నా మేమే ఎక్కువ భయం పెట్టాం ఆ కుర్రాళ్ళని.

"కాయితం లేదు. నేనున్నా" అన్నాను.

ఒక్క క్షణం నా వంక చూసి లారీ ఎక్కాడు. నేను టైర్ల కింద రాళ్ళు లాగేశాను. వాడు ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టి, తలుపు తెరిచి ఉంచి, స్టీరింగు తిప్పి "బిస్మిల్లా" అన్నాడు. బ్రేకు వదిలాడు. లారీ వెనక్కి దొర్లి, వెనక చక్రాలు అంచు దాటేదాకా స్టీరింగు వదల్లేదు. చివరి నిమిషంలో కొండవైపు దూకాడు. లారీ లోయలోకి పోయింది. దాని మీదున్నవి నీళ్ళ క్యాన్లు, కిరసనాయిలు డబ్బాలు. కింద మంటలేచింది.

రోడ్డైతే దొరికింది గానీ కొత్త చిక్కు వచ్చిపడింది. మంటల పొగ లోయలోంచి లేచి రోడ్డును కప్పేసింది. విరిగిన అంచు కూడా ఆ పొగలో కనబడటం లేదు. అంబులెన్సు డ్రైవర్లకు రోడ్డెక్కడుందో, లోయెక్కడుందో తెలియడం లేదు. ఎవరో ఒకరు నిలబడి చూపించాలి. మా తెల్ల తొడుగులు ఉన్నది అందుకే, దుమ్ములోనూ చీకట్లోనూ డ్రైవరుకు కనబడటానికి. కానీ ఆ ముక్కలో అవి తొడగడం నిషేధం. డ్రైవరుకు కనబడేది శత్రువుకీ కనబడుతుంది కదా. నావి జేబులోనే ఉన్నాయి. తీసి ఒకటి నేను తొడుక్కున్నాను, ఒకటి వాడికిచ్చాను.

"మా డ్రైవరోళ్ళకి తెలిస్తే నన్ను ఎలేస్తారన్నా" అని నవ్వి తొడుక్కున్నాడు. నేను అంచువైపు నడవబోతే భుజం పట్టుకుని ఆపాడు. "అంచు నాకొదిలెయ్. టైరు ఎంతవరకు రావచ్చో నాకు తెలుసుద్ది, నీకు తెల్దు."

నిజమే, నాకు తెలియదు. నేను కొండవైపు నిలబడ్డాను, వాడు లోయ అంచున నిలబడ్డాడు. ఒక్కొక్క అంబులెన్సునూ మా ఇద్దరి మధ్య నుంచి దాటించాం. టైరు అంచుకు దగ్గరైనప్పుడల్లా వాడు చెయ్యి అడ్డంగా పెట్టేవాడు, సర్దుకోగానే రమ్మని ఊపేవాడు. ఎంత నెమ్మదిగా చేశాడో! స్టాండులో బండిని వెనక్కి పెట్టిస్తున్నట్టు చేశాడు. చివరి అంబులెన్సు దాటింది. అది దాటాక గుండు పడింది.

నా ఎడమ భుజంలోకి ఇనుప ముక్క దిగింది, ఆ వైపు చెవి ఇప్పటికీ సరిగా వినబడదు. వాడికి పొట్టలో తగిలింది. చివరి అంబులెన్సు ఆగింది. లోపలున్న గాయపడినవాళ్ళే ఒకరి మీద ఒకరు సర్దుకుని మా ఇద్దరికీ చోటిచ్చారు. వాడి తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. కొంత దూరం పోయాక కళ్ళు తెరిచి, "కేసు రాయవుగా అన్నా?" అన్నాడు.

"రాయన్రా. ఎవర్నీ రాయనివ్వను" అన్నాను.

సరేనన్నట్టు తల ఊపాడు. మా గేటు దాటేలోపే పోయాడు. నేను ఏడ్చాను. సిగ్గుపడకుండా, ఆ బండిలో అందరూ వింటుండగానే ఏడ్చాను.

ఆసుపత్రికి మా హవల్దార్ వచ్చాడు. మంచం పక్కన కూర్చుని, "నిన్న నేను ఆ పచ్చజెండా వాణ్ణి శిక్షించకపోతే ఇవాళ వాడు ఆగేవాడు" అన్నాడు.  మీలో ఎవరైనా రేపు నలుగురి మీద అధికారం చేసే చోటికి వెళితే ఆ మాట గుర్తుపెట్టుకోండి. భయపెట్టి నేర్పిన పాఠాన్ని మనిషి అవసరమైన చోట కూడా దాటలేడు.

లారీ పోయినందుకు విచారణ జరిగింది. నేను పడుకునే వాంగ్మూలమిచ్చాను. నేను ఆర్డరిచ్చాను, అతను పాటించాడు, తప్పేమీ లేదు అన్నాను. రాసుకున్నారు. కేసేమీ లేదన్నారు. తర్వాత నాకు పతకం ప్రకటించారు. వాడి పేరు కూడా పంపామన్నారు గానీ అది ఏ బల్ల దగ్గర ఆగిందో నేటికీ నాకు తెలియదు.

భుజానికి కట్టుతోనే సెలవు మీద ఊరొచ్చాను. ఊరంతా ట్రాక్టరు మీద ఊరేగించారు. చర్చిలో పాస్టరు గారు కృతజ్ఞతా ప్రార్థన చేశారు. ఆ సాయంత్రం బడి ఆవరణలో సన్మానం. మైకు పట్టుకున్న ప్రతి పెద్దమనిషీ నేను చంపిన శత్రువుల లెక్క పెంచుకుంటూ పోయాడు. మా అమ్మకే అనుమానం వచ్చి, "నువ్వు రోడ్డు మీద నుంచునేవాడివి కదరా, అంతమంది నీ దగ్గరికెందుకొచ్చారు?" అని చెవిలో అడిగింది.

జనం వెళ్ళిపోయాక ఒక ముసలాయన మాత్రం మిగిలాడు. తెల్ల గడ్డం, లుంగీ, భుజాన తువ్వాలు. దగ్గరికొచ్చి కొడుకు పేరు చెప్పి, "నేను ఆడి నాయన్ని" అన్నాడు.  ఇంకో వారంలో నేనే చిలకలూరిపేటకి వెళ్ళాలనుకుంటున్నాను. ఆయనే ముందు వచ్చేశాడు.

"కూర్చో బాబాయ్" అన్నాను. కూర్చోలేదు.

"ఒక్క మాట అడిగి పోతా. మావోడు బండి పడేశాడా?"

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత చెప్పాడు. శవపేటికతో వచ్చినవాళ్ళు గుండు తగిలి పోయాడని చెప్పారు. కానీ ఆ యూనిట్ డ్రైవరొకడు సెలవు మీద వచ్చి, పేట లారీ స్టాండులో మాటల మధ్య, ఆ లారీ లోయలో పడిందన్నాడు. అక్కణ్ణించి అది కథైపోయింది. ఘాట్ రోడ్డు అలవాటు లేని కుర్రాడు, మలుపులో బండి పడేశాడు, పాపం అని. ఎవరూ తిట్టలేదు. అందరూ జాలిపడ్డారు. ఆయనకు ఆ జాలే భరించరానిదైంది. కొడుక్కి స్టీరింగు పట్టడం నేర్పింది ఆయనే. ఆ మాట విన్నప్పటి నుంచి ఆ స్టాండులో మంచినీళ్ళు కూడా తాగలేదు.

"పడెయ్యలేదు బాబాయ్. నేనే తోసెయ్యమన్నా."

ఆయన వంగి కింద ఉన్న ఇటుక ముక్క తీసుకుని మట్టిలో పెట్టాడు. "ఇది బండి. చెప్పు. ఎటు తిరిగుంది?" అన్నాడు. నేను కూడా కూలబడి, ఒంటి చేత్తో రోడ్డు గీశాను. కొండ ఎటు, లోయ ఎటు, అంబులెన్సు ఎంత దూరంలో ఉంది అన్నీ అడిగాడు. షాఫ్టు విరిగిందని చెబితే, "ఎత్తులో షాఫ్టు ఇరిగిన బండిని జారనీకుండా ఆపాడా?" అని రెండుసార్లు అడిగాడు. స్టీరింగు చివరిదాకా వదల్లేదని చెప్పాను. వదిలేముందు బిస్మిల్లా అన్నాడని కూడా చెప్పాను.

"అన్నాడా?" అని ఆగిపోయాడు. "బండి ఎక్కేటప్పుడు అనమని నేర్పా. దించేటప్పుడు కూడా అన్నాడా!" తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను ఆయన భుజం మీద చెయ్యి వేసి కూర్చున్నాను. చాలాసేపటికి తేరుకుని, "ఇది ఇక్కడ నాకు చెబితే చాలదు నాయనా. స్టాండులో చెప్పాలి" అన్నాడు.

"రేపొస్తా."

"డ్యూటీ బట్టల్లో రా."

మర్నాడు యూనిఫాం వేసుకుని, ఎర్ర టోపీ పెట్టుకుని పేట లారీ స్టాండుకు వెళ్ళాను. పత్తి బేళ్ళు కట్టిన లారీలు, మిరప బస్తాల లారీలు వరసగా ఉన్నాయి. డ్రైవర్లు, క్లీనర్లు టీకొట్టు దగ్గర గుమిగూడారు. పెద్దాయన బెంచీ చివర తలొంచుకుని కూర్చున్నాడు. నేను జీవితంలో ఎన్నో విచారణల్లో సాక్ష్యం చెప్పాను. ఏ అధికారి ముందూ బెదరలేదు, అక్కడ బెదిరాను. మైకు లేదు, దండలు లేవు. మొదట్నుంచీ చివరిదాకా, ఒక్క ముక్క కలపకుండా, ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. మా పచ్చజెండా పొరపాటు కూడా చెప్పాను. లారీని నేను తోయించాను, అతను పడెయ్యలేదు, అతను నిలబడబట్టే అంబులెన్సుల్లో ఉన్నవాళ్ళంతా బతికారు అన్నాను.

 తర్వాత ఒక పెద్ద డ్రైవరు, "హేండ్ బ్రేకు మీదే ఆపాడా, రాళ్ళు కూడా పెట్టాడా?" అన్నాడు.

"రెండూ చేశాడు."

"ముందు ఏది?"

"ముందు బ్రేకు. తర్వాత దిగి రాళ్ళు."

ఆ డ్రైవరు తన పక్కవాళ్ళ వంక తిరిగి, "ఆ ఎత్తులో లోడు బండినట్టా ఆపటం మనలో ఎంతమంది వల్లవుద్ది? ఇంకెవడన్నా పడేశాడన్నాడంటే నా చేతుల్లో తన్నులే" అన్నాడు. తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి, వెళ్ళి పెద్దాయన కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. మిగిలినవాళ్ళు ఒక్కొక్కరే దగ్గరికి జరిగారు.

టీకొట్టు అతను టీ గ్లాసు నింపి పెద్దాయన ముందుకు తెచ్చాడు. అందరూ ఆయన వంకే చూస్తున్నారు. ఆయన గ్లాసు అందుకోలేదు. తలెత్తి, చేత్తో నా వైపు చూపించాడు.

"నాకు తర్వాత పొయ్యొచ్చు. ముందు మావోడి అన్నకియ్యరా."